ఒకే ఇంటికి ఏడు అప్లికేషన్లు: ఎవరికివ్వాలో ఎలా తేల్చాలి?

గడప
ఒక పోర్షన్ ఖాళీ అయింది, ప్రకటన పెట్టారు, రెండు రోజుల్లో ఏడు అప్లికేషన్లు వచ్చాయి అనుకుందాం. పైపైన చూస్తే అందరి కాగితాలూ బాగానే ఉన్నాయి. ముందొచ్చినవాళ్ళకివ్వాలా, ఎక్కువ జీతమున్నవాళ్ళకా, చీటీ తీయాలా? దక్కనివాళ్ళు "మాకెందుకు ఇవ్వలేదు?" అని అడిగితే ఓనర్ మొహం చాటేయకుండా జవాబు చెప్పగలగాలి. ఈ పని క్రమంగా చేసేవాళ్ళు వివరంగా రాయండి.

అద్దెలెక్క
ఏడు అప్లికేషన్లు ముందేసుకుని అప్పుడు పద్ధతి వెతకడం దగ్గరే పని చెడుతుంది. అప్పటికే పేర్లు కళ్ళబడ్డాయి, ఉద్యోగాలు కళ్ళబడ్డాయి. ఆ తర్వాత రాసే రూలు ఏదైనా, మనసులో ఉన్నవాళ్ళ కొలతలకి కుట్టిన చొక్కాలాగే వస్తుంది.

అందుకని ప్రకటన పెట్టకముందే ఒక కాగితం రాసి, తేదీ వేసి పక్కన పెట్టండి. అందులో రెండే సంగతులు ఉండాలి. ఒకటి, కనీస అర్హతలు. రెండు, అర్హులు ఒకరికి మించి తేలితే ఏం చేస్తారన్నది.

కనీస అర్హతలు "అవును, కాదు" అని తేలేవిగా ఉండాలి. "మంచి ఆదాయం ఉండాలి" అంటే అది రూలు కాదు, కోరిక. "ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి ఆదాయం కలిపి, పన్నుకు ముందు లెక్క, అద్దెకి మూడు రెట్లు" అంటే అది రూలు. అలాగే "అద్దె సక్రమంగా కట్టినవాళ్ళు" అని వదిలేయకండి. "గత 24 నెలల్లో 15 రోజులు దాటిన ఆలస్యం రెండుసార్లకు మించకూడదు" అని రాయండి. ఎన్ని రోజులు, ఎన్నిసార్లు అన్నది మీ ఇష్టం. అంకె ఉండాలి, ఏడుగురికీ అదే అంకె ఉండాలి. చేరే తేదీ, కనీసం ఎంతకాలం ఉండాలి, పెంపుడు జంతువులు, పొగతాగడం కూడా ఇందులోనే.

ఈ కాగితం ప్రకటనతోపాటే బయటపెడితే ఇంకో లాభం ఉంది. అర్హత లేనివాళ్ళు చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఆగిపోతారు, మీకు చదవాల్సిన బరువు తగ్గుతుంది.

మూడోమెట్టు
పైదానికి చిన్న చేర్పు. ఆదాయం రూలు రాసేటప్పుడు ఎక్కువమంది జారేది మూడుచోట్ల.

పన్నుకు ముందా, చేతికొచ్చేదా అన్నది మొదటిది. అద్దె 100 అనుకోండి. ఒకరి పే స్లిప్‌లో పైన 310, కింద చేతికొచ్చేది 245. ఒకరికి పై అంకె, ఇంకొకరికి కింది అంకె చూస్తే అక్కడే అన్యాయం మొదలైనట్టు, అది కావాలని చేసినా చేయకపోయినా.

రెండోది, ఇద్దరు కలిసి అప్లై చేసినప్పుడు. 180, 140 సంపాదించే జంట కలిపితే 320, మూడు రెట్ల గీత దాటారు. విడివిడిగా చూస్తే ఇద్దరూ తప్పారు. భార్యాభర్తలకైతే కలిపి, స్నేహితులకైతే విడివిడిగా చూసే ఓనర్లు చాలామంది. అగ్రిమెంట్‌లో ఇద్దరూ సంతకం పెట్టి మొత్తం అద్దెకి ఇద్దరూ బాధ్యులైనప్పుడు ఆ తేడాకి లెక్కల్లో ఆధారమేమీ లేదు.

మూడోది, జీతం కాని ఆదాయం. పింఛను, సొంత వ్యాపారం, పొదుపుమీద బతికేవాళ్ళు. వీళ్ళకి "పే స్లిప్ ఇవ్వండి" అంటే గడపలోనే ఆపేసినట్టు. వ్యాపారానికి 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకుని సగటు కట్టండి, ఒక్క మంచి నెల చూసి కాదు. పొదుపైతే అగ్రిమెంట్ కాలం మొత్తం అద్దెకి సరిపోతుందా లేదా అని చూస్తే చాలు.

సొంతకప్పు
ఇంత తతంగమెందుకండీ? ఇల్లు ఓనర్‌ది, నచ్చినవాళ్ళకి ఇచ్చుకుంటాడు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే మనిషి తెలిసిపోతాడు. కాగితాలు ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

వకీలుచూపు
ఐదు నిమిషాల్లో తెలిసేది మనిషి మాటతీరు. అది మనలా ఉంటే నచ్చుతుంది, లేకపోతే నచ్చదు. అద్దె కడతాడా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటాడా అన్నది మాటతీరులో ఉండదు.

"నచ్చినవాళ్ళకి" అన్నదానికి చట్టం గీసిన హద్దులు కూడా ఉన్నాయి. అమెరికాలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, జాతీయ మూలం చూసి ఇల్లు నిరాకరించకూడదంది. 1974లో లింగం, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం అన్నవి చేరాయి. రాష్ట్రాలు, నగరాలు ఈ జాబితాకి తమవి కలుపుకున్నాయి. ఓనర్ తానూ ఉంటూ నాలుగు వాటాలకి మించని ఇంటిని అద్దెకిస్తే ఆ చట్టంలో కొంత మినహాయింపు ఉంది. కానీ ప్రకటనకి ఆ మినహాయింపు వర్తించదు. "పిల్లలు లేనివాళ్ళు మాత్రమే" అని రాస్తే ఆ వాక్యమే కేసు. బ్రిటన్‌లో ఇదే పని 2010 ఈక్వాలిటీ చట్టం చేస్తుంది.

ఓనర్లు మర్చిపోయే సంగతి ఒకటి. వివక్ష చూపే ఉద్దేశం లేదు అన్నంత మాత్రాన సరిపోదు. ఒకరిని మూడు నెలల స్లిప్పులు, ఇంకొకరిని ఆరు నెలలవి అడిగితే, మీ మనసులో ఏముందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. బయటకి కనబడేది తేడా ఒక్కటే.

సొంతకప్పు
సరే, ప్రకటన సంగతి ఒప్పుకుంటాను. మరి అర్హులు ముగ్గురు తేలితే అప్పుడైనా ఓనర్ ఎంచుకోవచ్చా?

క్యూలైన్
అసలు చిక్కు అక్కడే ఉంది. ముగ్గురూ గీత దాటారంటే ముగ్గురూ మీరు కోరినవాళ్ళే. ఆ పైన "ఇంకా మంచివాళ్ళు ఎవరు" అని వెతికితే, కొలిచే సరుకు అయిపోయి కొలవలేనిది మొదలవుతుంది.

సులువైన దారి ముందొచ్చినవాళ్ళకి ముందు. అమెరికాలోని సియాటిల్ నగరం 2016లో దీన్ని చట్టమే చేసింది. అర్హతలు ముందే చెప్పాలి, పూర్తి అప్లికేషన్ అందిన తేదీ, సమయం రాసుకోవాలి, ఆ వరసలోనే పరిశీలించాలి, అర్హులైన మొదటివాళ్ళకి ఇవ్వజూపాలి. వాళ్ళు ఒప్పుకోవడానికి 48 గంటలు. ఓనర్లు కోర్టుకెళ్ళారు, 2019లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది.

మీ ఊళ్ళో అలాంటి చట్టం లేకపోయినా పద్ధతి వాడుకోవచ్చు. ఒక్క మాట మాత్రం బిగించి పెట్టుకోవాలి: "పూర్తి" అంటే ఏమిటి? ఫారం, గుర్తింపు కార్డు, ఆదాయం రుజువు, పాత ఓనర్ల ఫోన్ నంబర్లు, పరిశీలనకి ఒప్పుకుంటూ సంతకం. ఈ ఐదూ అందిన నిమిషం వాళ్ళ సమయం. ఫోన్ చేసి "మాకు కావాలండీ" అన్న నిమిషం కాదు, ఇల్లు చూసిన రోజు కాదు.

రిజిస్టర్ ఇలా ఉంటే చాలు:

నంబర్ 3. ఫారం: మంగళవారం 10:42. లోటు: మూడో నెల స్లిప్. అడిగింది: మంగళవారం 12:05, ఈమెయిల్. అందింది: బుధవారం 09:15. పూర్తి: బుధవారం 09:15.
నంబర్ 4. ఫారం: మంగళవారం 18:20. లోటు: లేదు. పూర్తి: మంగళవారం 18:20.

ఇక్కడ 4 ముందు, 3 తర్వాత. ఇలా రాసి ఉంటే 3వవాళ్ళు "మేమే ముందు పెట్టాం కదా" అని వచ్చినా పేచీ ఉండదు, పుస్తకం తిప్పి చూపించొచ్చు.

మూడోమెట్టు
ఒక జాగ్రత్త. లోటు ఉందని ఒకరికి మధ్యాహ్నమే ఫోన్ చేసి, ఇంకొకరికి మర్నాడు చెబితే క్యూ మీ చేతిలో మారిపోయినట్టే. అందరికీ ఒకే గడువులో, అంటే ఫారం అందిన ఇన్ని గంటల్లోగా, లోటు చెప్పాలి. అలాగే, ముందు చెప్పని కాగితం మీరే కొత్తగా అడిగితే వాళ్ళ స్థానం పోకూడదు. సియాటిల్ చట్టంలోనూ అంతే, అదనపు సమాచారం అడిగితే 72 గంటలివ్వాలి, ఆలోపు ఇస్తే పాత స్థానమే.

చీటీపెట్టె
ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నది చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నం పన్నెండుకి ప్రకటన వస్తే ఆఫీసులో ఫోన్ చేతిలో ఉన్నవాడు గంటలో పంపేస్తాడు. షిఫ్టులో ఉన్నవాళ్ళు, ఫారం నింపడానికి ఇంకొకరి సాయం కావాల్సినవాళ్ళు, చూపు సరిగా లేనివాళ్ళు సాయంత్రానికి గానీ చూడరు. అంటే మీరు కొలిచింది అర్హత కాదు, ఇంటర్నెట్ వేగం.

నా దృష్టిలో ఇంతకన్నా మెరుగైనది గడువు పెట్టి చీటీ తీయడం. ప్రకటనలోనే "శుక్రవారం సాయంత్రం 6 వరకు అందిన పూర్తి అప్లికేషన్లన్నీ సమానం" అని రాయండి. కనీసం 72 గంటలు, వీలైతే ఒక సెలవురోజు అందులో పడేలా. గడువు తర్వాత అర్హతలు చూడండి. దాటినవాళ్ళ నంబర్లు, పేర్లు కాదు, నంబర్లు చీటీల మీద రాసి, ఇంటితో సంబంధం లేని ఒకరిని సాక్షిగా పెట్టి తీయించండి. మొదటి చీటీ దగ్గర ఆగొద్దు, చివరిదాకా తీసి 1, 2, 3, 4 అని వరస మొత్తం రాసుకోండి. మొదటివాళ్ళు తప్పుకుంటే రెండోవాళ్ళెవరో మళ్ళీ ఆలోచించక్కర్లేదు.

చీటీ తీసేది అర్హత తేలాకే సుమా. ముందు చీటీ తీసి, తర్వాత కాగితాలు చూస్తే, నచ్చనివాళ్ళు వచ్చినప్పుడు కాగితాల్లో తప్పు వెతకబుద్ధవుతుంది.

క్యూలైన్
గడువు సంగతి ఒప్పుకుంటాను. కానీ అక్కడ తొందరగా ఇల్లు కావాల్సినవాళ్ళు మూడు రోజులు వేలాడాలి, ఆలోపు ఇంకో ఇల్లు చేజారొచ్చు. రెండిట్లో ఏది ఎంచుకున్నా మధ్యలో మార్చకుండా ఉంటే సగం గొడవ పోతుంది.

అద్దెలెక్క
మార్కులు వేసే పద్ధతి గురించి ఎవరూ అనలేదు కాబట్టి: ఆదాయానికి 40, అద్దె చరిత్రకి 40, ఉండే కాలానికి 20 అని వేసి ఎక్కువొచ్చినవాళ్ళకివ్వడం. పెద్ద కంపెనీలు ఇష్టపడతాయి. ఒకటి రెండు ఇళ్ళున్నవాళ్ళకి నేను చెప్పను. అద్దెకి మూడు రెట్లు వచ్చేవాడూ నెలకి ఒక్క అద్దే కడతాడు, ఆరు రెట్లు వచ్చేవాడూ ఒక్కటే కడతాడు. ఆ పై మూడు రెట్లకి మార్కులేస్తే ప్రతిసారీ ధనికులకే ఇల్లు వెళ్తుంది, రిస్కు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు. "నడవడిక: 10 మార్కులు" అని ఒక గడి పెట్టారంటే ఇక చెప్పేదేముంది, అది పక్షపాతానికి ఇచ్చిన సొంత గది.

గడప
ఇంకో రెండు అనుమానాలు. ఒకరు ప్రకటించిన అద్దెకన్నా ఎక్కువిస్తామంటే? ఇంకొకరు ఇవాళే టోకెన్ ఇస్తామంటే?

వకీలుచూపు
ఎక్కువ అద్దె: తీసుకోవద్దు. మిగతా ఆరుగురూ వచ్చింది మీరు వేసిన అంకె చూసి. ఒకరి దగ్గర పెంచుకుంటే అది అప్లికేషన్ కాదు, మిగతావాళ్ళకి చెప్పకుండా పెట్టిన వేలం. ఇంగ్లండ్‌లో 2025 రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకటించిన అద్దెకి మించి అడగడాన్నే కాదు, వాళ్ళంతట వాళ్ళు ఇస్తామన్నా ఒప్పుకోవడాన్నీ నిషేధించింది. అద్దె తక్కువ వేశామనిపిస్తే ఈ ప్రకటన ఆపేసి, కొత్త అద్దెతో కొత్త ప్రకటన వేసి, అందరికీ చెప్పండి. ఆర్నెల్ల అద్దె ముందే ఇస్తామన్న మాటా ఇదే కోవలోది. మీ రూలులో లేనిది ఎవరిచ్చినా దానికి బరువివ్వకూడదు.

టోకెన్: ఇంగ్లండ్‌లో 2019 టెనెంట్ ఫీజ్ చట్టం రాసిన తీరు చూస్తే ఎక్కడైనా పనికొస్తుంది. టోకెన్ ఒక వారం అద్దెకి మించకూడదు. ఒక ఇంటికి ఒకసారి ఒకరి దగ్గరే తీసుకోవాలి. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, ఓనరే వెనక్కి తగ్గితే తిరిగిచ్చేయాలి. ముగ్గురి దగ్గర టోకెన్ తీసుకుని "చూద్దాం" అనడం పరిశీలన కాదు, వడ్డీ లేని అప్పు.

వరసలో మొదటివాళ్ళని ఎంచాక, వాళ్ళ దగ్గర మాత్రమే, రసీదిచ్చి తీసుకోండి. రసీదు మీద ఎంత, ఏ తేదీలోగా అగ్రిమెంట్, ఎవరు తప్పుకుంటే ఏమవుతుంది అన్నవి ఉండాలి.

తాళంగుత్తి
అప్లికేషన్ ఫీజు గురించి కూడా. పరిశీలనకి ఖర్చవుతుందని ఏడుగురి దగ్గరా ఫీజు తీసుకుంటే, ఆరుగురి డబ్బు ఊరికే పోయినట్టు. వరసలో మొదటివాళ్ళని పూర్తిగా పరిశీలించండి, వాళ్ళు తప్పితేనే రెండోవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోండి. పైన చెప్పిన ఇంగ్లండ్ చట్టంలో ఈ ఫీజే నిషేధం, ఖర్చు ఓనర్‌దే.

ఇక పరిశీలన. కాగితాలు ఎవరైనా తయారు చేసుకోవచ్చని సొంతకప్పు గారన్న మాటలో నిజముంది. అందుకే ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో పోల్చాలి. పే స్లిప్ అడుగున ఉన్న చేతికొచ్చే మొత్తం, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో జమ అయిన మొత్తం పైసాతో సహా కలవాలి. స్లిప్‌లో ఏడాది మొత్తం అని ఇంకో గడి ఉంటే, ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తే ఈ నెల జీతం రావాలి. దొంగ స్లిప్ చేసేవాళ్ళు నెల జీతం మార్చి ఈ గడి మర్చిపోతుంటారు. కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు అప్లికేషన్‌లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా, మీరు విడిగా వెతికి పట్టుకున్న నంబర్‌కి చేయండి.

పాత ఓనర్‌ని అడిగేటప్పుడు ఇప్పుడుంటున్న ఇంటి ఓనర్ మాట ఒక్కటే నమ్మొద్దు. వదిలించుకోవాలనుకునేవాడు బంగారంలాంటి మనుషులంటాడు, వదులుకోవడం ఇష్టంలేనివాడు నసుగుతాడు. అంతకుముందు ఇంటి ఓనర్‌కి ఈ రెండు అవసరాలూ లేవు. అందరికీ ఇవే నాలుగు ప్రశ్నలు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారు? అద్దె ఎన్నిసార్లు ఆలస్యమైంది, ఎన్ని రోజులు? ఖాళీ చేసేటప్పుడు నోటీసు ఇచ్చారా? డిపాజిట్‌లో ఏమైనా కోశారా, దేనికి? "మనుషులెలాంటివాళ్ళు?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకొచ్చే జవాబు మీ కాగితంలో ఏ గడిలోనూ పట్టదు, బుర్రలో మాత్రం ఉండిపోతుంది.

సొంతకప్పు
తొలిసారి ఇల్లు తీసుకునేవాళ్ళకి పాత ఓనరే ఉండడు కదా. వాళ్ళని తీసేయాలా?

తాళంగుత్తి
మంచి ప్రశ్న. తీసేయకూడదు. చరిత్ర లేకపోవడం వేరు, చెడ్డ చరిత్ర ఉండటం వేరు. "అద్దె చరిత్ర లేనివాళ్ళు ఫలానా ఆదాయమున్న హామీదారుని చూపాలి" అని కాగితంలో ముందే రాసుకోండి. అప్పుడది అందరికీ తెలిసిన దారి అవుతుంది, ఒకరికి చేసిన మినహాయింపు కాదు.

చీటీపెట్టె
ఇల్లు చూపించడం కూడా పరిశీలనలో భాగమే, ఎవరూ అలా అనుకోరు గానీ. ఒకరికి ఆదివారం తీరిగ్గా అరగంట, ఇంకొకరికి "చీకటి పడ్డాక రండి, పది నిమిషాలు" అంటే రెండోవాళ్ళు అప్లై చేయకుండానే వెళ్ళిపోతారు. అందరికీ ఒకే నిడివి, ఒకే ఫారం, ఒకే మాట. ఇల్లు చూపిస్తూ "పిల్లలెప్పుడు?", "ఏ దేవుణ్ణి కొలుస్తారు?", "మీది ఏ ఊరు?" అని కబుర్లలో పెట్టడం మానుకోవాలి. బ్రోకర్ ద్వారా చేస్తుంటే మీ కాగితం అతనికి రాతపూర్వకంగా ఇచ్చి, వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ పంపమనండి. చాలాసార్లు వడపోత బ్రోకర్ ఫోన్‌లోనే అయిపోతుంది, ఓనర్‌కి ఆ సంగతే తెలియదు. తెలియదన్నంత మాత్రాన బాధ్యత పోదు.

అద్దెలెక్క
దక్కనివాళ్ళకి చెప్పే మాట గురించి. ఎక్కువమంది మౌనంగా ఊరుకుంటారు, అదే అనుమానాలకి మూలం. రెండు రకాల సందేశాలు చాలు.

అర్హత తప్పినవాళ్ళకి: "మీ అప్లికేషన్ మంగళవారం 18:20కి పూర్తిగా అందింది. ప్రకటించిన ఆదాయ అర్హత అద్దెకి 3 రెట్లు, మీ కాగితాల ప్రకారం 2.6 రెట్లు వచ్చింది. లెక్క తప్పనిపిస్తే రేపు సాయంత్రం 6లోగా రుజువు పంపండి, మళ్ళీ చూస్తాం."

అర్హత ఉండి దక్కనివాళ్ళకి: "మీరు అన్ని అర్హతలూ దాటారు. మీకన్నా ముందు పూర్తయిన అప్లికేషన్‌కి ఇల్లు ఇచ్చాం."

రెండోదానిలో "మీకన్నా మెరుగైనవాళ్ళు దొరికారు" అని రాయొద్దు. అది అబద్ధం, పైగా తగాదా. మొదటిదానిలో ఆ చివరి వాక్యం తీసేయొద్దు. లెక్కలు తప్పు పోవడం మామూలే, ముఖ్యంగా రెండు ఉద్యోగాలున్నవాళ్ళ దగ్గర.

వకీలుచూపు
అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి. క్రెడిట్ రిపోర్టు (అప్పులు, బాకీలు ఎలా కట్టారో చూపే నివేదిక) ఆధారంగా కాదంటే, 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం ఏ సంస్థ ఇచ్చిన రిపోర్టో చెప్పాలి. నిర్ణయం ఆ సంస్థది కాదనీ, 60 రోజుల్లోగా ఉచితంగా కాపీ అడగొచ్చనీ, తప్పుంటే సవాలు చేయొచ్చనీ తెలపాలి. పూర్తిగా కాదనడమే కాదు, రిపోర్టు చూసి డిపాజిట్ పెంచి అడిగినా ఇదే వర్తిస్తుంది.

మూడోమెట్టు
అప్లికేషన్ల కాగితాలు ఏం చేయాలి? ఏడుగురి గుర్తింపు కార్డులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఓనర్ ఫోన్ గ్యాలరీలో ఏళ్ళ తరబడి పడి ఉండటం కూడా అన్యాయమే. మొదటి విడతలో కార్డు నంబర్ చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కప్పి ఇమ్మనండి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో జీతం పడిన వరసలు చాలు, ఏ కొట్లో ఏం కొన్నారో మీకక్కర్లేదు. పూర్తి కాపీలు ఎంపికైనవాళ్ళ దగ్గరే తీసుకోండి. రిజిస్టర్, సందేశాలు, అర్హతల కాగితం మాత్రం మీ ప్రాంతంలో ఫిర్యాదుకి చట్టం ఎంత గడువిస్తే అంతకాలం ఉంచండి. మిగతావి పని అయిపోగానే చెరిపేయండి, వాట్సాప్‌లోవి కూడా.

గడప
చాలా స్పష్టంగా ఉంది. ఆఖరి అనుమానం: మొదటివాళ్ళు సరేనన్నాక అగ్రిమెంట్ ముందురోజు తప్పుకుంటే? అప్పటికి మిగతావాళ్ళకి "ఇల్లు ఇచ్చేశాం" అని చెప్పేసి ఉంటాం కదా.

క్యూలైన్
అందుకే అర్హత తప్పినవాళ్ళకి వెంటనే, అర్హత ఉన్నవాళ్ళకి సంతకాలయ్యాక చెప్పాలి. మధ్యలో రెండో, మూడో వరసవాళ్ళకి ఇంకో రకం కబురు: "మీరు వరసలో రెండో స్థానంలో ఉన్నారు. మొదటివాళ్ళ గడువు గురువారం సాయంత్రం 6. ఆ రాత్రికల్లా ఏదో ఒకటి చెబుతాం. ఈలోపు వేరే ఇల్లు చూసుకోవడానికి మీకు అడ్డు లేదు, మీ దగ్గర డబ్బేమీ తీసుకోవడం లేదు." గురువారం రాత్రి మాట తప్పకుండా కబురు పెట్టాలి, విషయం తేలకపోయినా సరే.

మొదటివాళ్ళు తప్పుకుంటే రెండోవాళ్ళకి అదే అద్దె, అదే డిపాజిట్, అదే 48 గంటలు. "తొందరగా ఉంది, రేపు పొద్దున్నే సంతకం పెట్టండి" అని గడువు కోయొద్దు.

తాళంగుత్తి
సంతకాలైన గంటలో ప్రకటన తీసేయండి. బ్రోకర్ పెట్టినచోట, వాట్సాప్ గ్రూపుల్లో, గేటుకి కట్టిన బోర్డు, అన్నీ. లేకపోతే ఎనిమిదో అప్లికేషన్ వస్తుంది.